వెనక్కి తీసుకున్న సంతకం

గిఫు, జపాన్
16 నవంబరు 2008

పెదనాన్నకు,

నీ సింహాచలం సముద్రం దాటింది. నువ్వు ముప్పై ఏళ్లు ఓడల పొట్టల్లోంచి బస్తాలు తీసి కూడా ఖిదిర్‌పూర్ డాక్ గేటు దాటి ఎక్కడికీ పోలేదు. నేను కుట్టుమిషను పట్టుకుని జపాను వచ్చేశాను. ఈ ముక్క అమ్మకు గట్టిగా చదివి వినిపించు. నీకు నచ్చని మాటలు చదువుతూ చదువుతూ మింగేస్తావని నాకు తెలుసు.

ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అన్నారు గానీ, నేను పనిచేసిన మెటియాబ్రుజ్ కార్ఖానాకు రెండింతలు ఉంటుంది, అంతే. పదకొండు మంది ఆడపిల్లలం. ముగ్గురం కలకత్తా వాళ్లం, మిగతా అందరూ వియత్నాం. నా పక్క మిషను లాన్ అనే పిల్లది. మా ఇద్దరికీ కలిపి జపాను మాటలు నలభై వచ్చు, వాటితోనే రోజంతా పోట్లాడుకుంటాం. అమ్మ ఇచ్చిన రొయ్యపొడి సగం అదే తినేసింది.

మెడలో ఒక బిళ్ల వేశారు. దాని మీద 'శిక్షణార్థి' అని రాసి ఉందట. మొదటి ఏడాది మేము పనివాళ్లం కాదు, నేర్చుకునేవాళ్లం. జీతం అనకూడదు, భత్యం అనాలి. ఏం నేర్పుతున్నారంటే, తొమ్మిది రోజులుగా చొక్కా చేతులు కుట్టిస్తున్నారు. కుడిచెయ్యి నాది, ఎడంచెయ్యి లాన్‌ది. మూడేళ్లకు ఒక చొక్కా పూర్తి చేసుకుని ఇంటికొస్తానేమో.

సెల్‌ఫోను ఉండకూడదని మమ్మల్ని ఇక్కడికి పంపిన మృత్యుంజయ బాబు కాగితంలోనే రాసుకున్నాడు కదా, అందుకే ఈ ఉత్తరం. ఆఫీసులో ఇస్తే విప్పి చూసి పోస్టు చేస్తారు. ఇంతవరకూ రాసింది చూపిస్తే, ఆఫీసాయన నా తెలుగును తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, తల ఊపి, తిరిగిచ్చేశాడు. నువ్వు వసారాలో చాక్‌పీసుతో నేర్పిన అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి. తప్పులుంటే దిద్దుకో, తిట్టకు.

ఒక్క సంగతి. దిగిన రోజే మా పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. భద్రం కోసమట. అలా ఇవ్వవచ్చా అని లాన్ అడిగితే, నిన్ను అడిగి చెప్తానన్నాను. ఇవ్వవచ్చా?

ఇక్కడి మెట్లు నున్నగా ఉంటాయి. ఘాట్ మెట్ల మీద నాన్న జారినట్టు నేనూ జారతానేమోనని అమ్మ భయపడుతుంది. చూసుకునే దిగుతున్నానని చెప్పు.

సింహాచలం


వాట్‌గంజ్, కలకత్తా
9 డిసెంబరు 2008

సింహాచలానికి పెదనాన్న గురువులు దీవించి రాసేది.

నీ ఉత్తరం మీ అమ్మకు మొత్తం చదివాను. ఒక్క మాట కూడా మింగలేదు, ఒట్టు. అంతా విని మీ అమ్మ అడిగిందల్లా ఒకటే: "రొయ్యపొడి అందరికీ పంచీసిందేటి?" నువ్వు జపాను వెళ్లినా, చంద్రమండలం వెళ్లినా మీ అమ్మకు రొయ్యపొడి లెక్కే కావాలి.

పాస్‌పోర్టు సంగతి అడిగావు. ఇందులో ఆలోచించడానికేముంది? తెచ్చినవాడి దగ్గరే కార్డు ఉంటుంది. మన డాక్‌లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి ఇది. మృత్యుంజయ వాళ్ల తాత, కూలీల మేస్త్రీ పోలిరాజు సర్దార్ నన్నూ మీ నాన్ననూ సిక్కోలు నుంచి రైలెక్కించి తెచ్చాడు. మాకు డాక్ కార్డులు చేయించాడు. చేయించిన రోజే తన తోలుసంచిలో వేసుకున్నాడు. పొద్దున గేటు దగ్గర చేతికిచ్చేవాడు, సాయంత్రం తీసేసుకునేవాడు. పదకొండేళ్లు నా కార్డు ఆ సంచిలోనే ఉంది. నేను చచ్చిపోయానా? కార్డు ఇమ్మని అడగడమంటే సర్దార్‌ని దొంగ అన్నట్టు. మన వీధిలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

మృత్యుంజయ కూడా మనవాడే. మొన్న సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు. "మీ సింహాచలం బాగా పని చేస్తంది పెద్దయ్యా" అన్నాడు. నీ జామీను కాగితం మీద సంతకం పెట్టింది నేనే కాబట్టి నాక్కూడా కాస్త మర్యాద దక్కింది. బుద్ధిగా నేర్చుకో. ఎవరితోనూ పేచీ పెట్టుకోకు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

అంతకు మించి ఏదైనా తేడా వస్తే, బస్తాలు పట్టిన నా కొక్కెం ఇంకా గోడ మేకుకే ఉంది.

గురువులు


గిఫు
22 ఫిబ్రవరి 2009

పెదనాన్నా,

ఈ ఉత్తరం అమ్మకు చదవకు. ముందు నువ్వు చదువుకో.

శిక్షణ సాయంత్రం ఐదింటికి అయిపోతుంది. ఆ తర్వాత పదింటి దాకా చేసేదానికి పేరు లేదు. పేరు లేని పనికి గంటకు మూడొందల యెన్‌లు. ఇదే ఊళ్లో ఇక్కడి మనిషికి దాదాపు ఏడొందలు ఇవ్వకపోతే చట్టం ఒప్పుకోదట. మాకు ఆ చట్టం లేదు, ఎందుకంటే మేము నేర్చుకుంటున్నాం.

పోయిన మంగళవారం లాన్‌ని ఆవిరి ఇస్త్రీ ప్రెస్సు దగ్గర నిలబెట్టారు. పది నిమిషాలు చూపించి వదిలేశారు. మధ్యాహ్నానికి పైమూత దాని కుడిచేతి మీద పడిపోయింది. నేనే పరిగెత్తి ఎత్తాను. ఆ చెయ్యి ఎలా ఉందో నీకు రాయను.

ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మాత్రం వంటగదిలో వేడినీళ్లు ఒలికాయని చెప్పారు. శిక్షణార్థి పని చెయ్యదు కదా, పని చెయ్యని మనిషికి పనిలో దెబ్బ తగిలిందంటే వాళ్ల కాగితాలన్నీ తప్పయిపోతాయి. నిన్న మా అందరి ముందూ ఒక కాగితం పెట్టారు. 'ఆ రోజు లాన్ ప్రెస్సు గదిలో లేదు' అని దాని మీద ఉంది. తొమ్మిది మంది సంతకం పెట్టేశారు. వాళ్లను నేను ఏమీ అనను, వాళ్ల వెనక ఎన్ని ఇళ్లున్నాయో నాకు తెలుసు. నేనొక్కదాన్నే మిగిలాను. లాన్‌ని ఏప్రిల్లో వాళ్ల ఊరు పంపేస్తారట. ఆలోగా నేనూ పెట్టాలి.

లాన్‌ని చూడ్డానికి వెళ్లాను. ఎడంచేత్తో నా జడ పట్టుకుని "నేను అక్కడ ఉన్నాను కదా?" అని అడిగింది. ఉన్నావు అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను.

ఉన్న మనిషిని లేదని ఎలా రాస్తారు పెదనాన్నా?

సింహాచలం


వాట్‌గంజ్
5 మార్చి 2009

సింహాచలానికి,

సంతకం పెట్టేయి.

మృత్యుంజయ వచ్చి వెళ్లాడు. ఈసారి కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. "పిల్ల సంతకం ఎట్టకపోతే ఆ జామీను నీ మెడకే సుట్టుకుంటాది" అన్నాడు. నువ్వు ఫిర్యాదు చేసినా, మూడేళ్లు నిండకుండా వచ్చేసినా, ఈ గది వాళ్లదైపోతుందని ఆ కాగితంలో ఉంది. నేను చదివే పెట్టాను. అలాంటి రోజు వస్తుందనుకోలేదు.

లాన్ మనకేమవుతుంది? దాని కోసం మీ అమ్మను వీధిలో పెడతావా? డాక్‌లో బతికినవాణ్ణి చెప్తున్నాను, తాడు తెగేటప్పుడు దూరంగా నిలబడ్డవాడే ఇంటికొస్తాడు.

మీ అమ్మకు నీ ఉత్తరం చదవలేదు. బాగున్నానని రాశావని చెప్పాను. నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది.

గురువులు


గిఫు
17 మార్చి 2009

పెదనాన్నా,

పెట్టను.

నా చిన్నప్పుడు అన్నం తినడానికి మారాం చేస్తే నువ్వొక కథ చెప్పేవాడివి. సర్దార్ ఒక కూలీ కొక్కెం లాక్కుని నదిలో విసిరేశాడు. బస్తా పట్టే కొక్కెం పోతే వాడికి పని పోయినట్టే. అప్పుడు గ్యాంగులో నలభై మందీ ఎవరి కొక్కెం వాళ్లు సర్దార్ కాళ్ల ముందు దించి, నోరెత్తకుండా కూర్చున్నారు. ఓడ రెండు రోజులు ఆగిపోయింది. మూడో రోజు సర్దార్ కొత్త కొక్కెం కొనిచ్చాడు. ఆ కథ అబద్ధమా? అబద్ధమైతే చెప్పు, ఇప్పుడే మానేస్తాను.

నిన్న నా దారం కత్తెర బల్ల మీద దించి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒక్కదాన్నే. మేనేజరు అరిచాడు. నలభై మాటలూ అయిపోయేదాకా అరిచాడు, ఆ తర్వాతి మాటలు నాకు ఎలాగూ రావు. ఈ రోజు నా వెనక మిషను మీది వియత్నాం పిల్ల కూడా దించింది.

ఈ ఊళ్లో కూలీల సంఘం నడిపే ముసలావిడ ఒకామె ఉంది. ఆదివారం కూరగాయల కొట్టు దగ్గర కలిశాం. శిక్షణ పేరు చెప్పి పని చేయించుకోవడం ఆపాలని, మాలాంటి వాళ్లను కూడా కార్మికులుగానే లెక్కించేలా చట్టం మార్చాలని వాళ్లు కొట్లాడుతున్నారట. చూసింది చూసినట్టు రాసి ఇస్తావా అని అడిగింది. ఇస్తానన్నాను.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడం దేనికి? తల నాదే. దాన్ని రోట్లో పెట్టడానికి సంతకం చేసింది నువ్వు. గది పోతే నేను వచ్చి కట్టుకుంటాను. నువ్వు భయపడటమే నాకు అర్థం కావడం లేదు. లాన్ మనకేమవుతుందని అడిగేవాడివి కాదు నువ్వు. ఏటైంది నీకు?

సింహాచలం


వాట్‌గంజ్
28 మార్చి 2009

అమ్మా సింహాచలం,

ఏటైందని అడిగావు. చెప్తాను. మధ్యలో ఆపితే మళ్లీ రాయలేను కాబట్టి తిట్లన్నీ చివర్లో తిట్టుకో.

మీ నాన్న ఘాట్ మెట్ల మీద జారిపడలేదు.

ఎనభై ఏడు జూన్. యూరియా బస్తాల ఓడ వచ్చింది. నరసింహం అనే కూలీ ఆ పూట రాలేదు. రాని మనిషి కార్డు మీద వేరే మనిషిని దించడాన్ని బద్లీ అనేవాళ్లం. మీ నాన్న కొండయ్య సొంత కార్డు తన సంచిలో ఉండగానే, సర్దార్ వాణ్ణి నరసింహం కార్డు మీద ఓడలోకి దించాడు. రోజూ జరిగేదే, ఎవరూ అడగలేదు. నేను పైన ఉన్నాను, వాడు కింద. బస్తాలు ఎత్తే తాడు తెగింది. నేను అరిచేలోపే అయిపోయింది.

మధ్యాహ్నానికల్లా సర్దార్ కాగితం రాయించుకొచ్చాడు. 'కొండయ్య ఆ రోజు డాక్‌కి రాలేదు, ఘాట్‌లో స్నానానికి దిగుతూ జారిపడ్డాడు' అని. అందరూ వేలిముద్రలు వేశారు. గ్యాంగులో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. సొంత అన్న సంతకం ఉంటే ఇంక అడిగేవాడెవడు? పెట్టాను. వారం తిరక్కుండా నా కార్డు నా చేతికొచ్చింది, నా పేరు పర్మినెంటు జాబితాకెక్కింది. పదకొండేళ్ల తర్వాత సర్దార్ నా కార్డు ఎందుకిచ్చాడో ఇప్పుడు తెలిసిందా? నీకు అన్నం పెట్టింది ఆ సంతకమే. నీకు అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే.

సర్దార్ మన ఊరివాడు, తెచ్చినవాడు, ఎదురు చెప్పడం తోచలేదు అని రాద్దామనుకున్నాను. అది కూడా అబద్ధమే. తోచింది. నాకు కార్డు కావాలనిపించింది.

నీ కొక్కేల కథ నిజమే. కానీ మీ నాన్న పోయిన రోజు ఎవరూ కొక్కెం దించలేదు. నేను దించితే దించేవాళ్లేమో.

ఇంతవరకూ రాసి, మీ అమ్మను పిలిచి కూర్చోబెట్టి, నీ ఉత్తరాలు మూడూ, ఈ ఉత్తరమూ మొదటి నుంచి చదివాను. ఒక్క మాట మింగలేదు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. లేచి వెళ్లి బియ్యం డబ్బా అడుగు నుంచి ఒక గుడ్డమూట తెచ్చి నా ముందు పెట్టింది. అందులో నరసింహం కార్డు ఉంది.

"ఒంటిమీది చొక్కా నానే ఇప్పినాను బావా. జేబులో ఇది ఉంది. తానానికెల్లినోడు ఇంకొకడి కార్డు ఎందుకు జేబులో ఎట్టుకుంటాడు?" అంది.

ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే నువ్వు మొకం సెల్లక ఇల్లొదిలి పోతావు. పిల్లకి కూడెవులెడతారు? నువ్వే సెప్తావని ఇరవై రెండేళ్లు సూసినాను."

ఆ తర్వాత నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. అన్నం తినలేదు. ఆమె కంచం తెచ్చి పక్కన పెట్టి ఇంకొక మాట అంది. అది నీకు రాయమంది, రాస్తున్నాను.

"సంతకం ఎట్టొద్దని దానికి రాయి. నాను సెప్పినానని రాయి."

గురువులు


గిఫు
19 ఏప్రిల్ 2009

పెదనాన్నా,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. మూడు రోజులు నీకు జవాబే రాయకూడదనుకున్నాను. నాలుగో రోజు చాలా పాడు మాటలు రాసి చింపేశాను. నీ మీద కోపం పోలేదు. పోతుందని కూడా రాయను. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఆ ఘాట్ మెట్లు ఎన్నిసార్లు దిగావు! ప్రతిసారీ 'ఇక్కడే అమ్మా' అని చూపించేవాడివి. నేను అక్కడ చామంతులు వదిలేదాన్ని.

అమ్మకు చెప్పు, సంతకం పెట్టలేదు. వేరే కాగితం మీద పెట్టాను. తెలుగులోనే రాశాను: 'ఆ రోజు లాన్ పనిలో ఉంది. ప్రెస్సు మూత ఎత్తింది నేనే. నేను చూశాను. కొండయ్య కూతురు సింహాచలమ్మ.' సంఘం ఆవిడ నా చేత మాట మాటా చెప్పించుకుని, తన భాషలోకి మార్చి, కార్మికశాఖ ఆఫీసులో ఇచ్చింది.

ఆ ఆఫీసువాళ్లు తనిఖీకి వచ్చే రోజుకు బల్ల మీద ఏడు కత్తెరలున్నాయి. ముందు సంతకం పెట్టినవాళ్లలో ఆరుగురు కూడా దించేశారు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న పాస్‌పోర్టులు ఎక్కడ అని. బీరువా తాళం కనబడలేదని మేనేజరు చాలాసేపు వెతికాడు. తాళం ఆయన నడుముకే ఉందని మేమందరం ఒకేసారి చూపించాం. ఇప్పుడు నా పాస్‌పోర్టు అమ్మ కుట్టిచ్చిన సంచిలో, నా మెడలో ఉంది. స్నానానికి కూడా తీయడం లేదు.

లాన్ ప్రయాణం ఆపేశారు. దాని దెబ్బను పనిలో తగిలిన దెబ్బగా రాస్తారా లేదా అనేది ఇంకా తేలలేదు. తేలేదాకా సంఘం ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. నన్ను మాత్రం జూన్‌లో పంపేస్తున్నారు, క్రమశిక్షణ లేదట.

ఆ చట్టం గురించి జరిగిన సభలో నన్ను నిలబెట్టారు. "ఇక్కడ ఏం నేర్చుకున్నారు?" అని ఒక పెద్దమనిషి మర్యాదగా అడిగాడు. "కుడిచెయ్యి కుట్టడం నేర్చుకున్నానండీ. ఎడంచెయ్యి నేర్చుకున్న పిల్లకు కుడిచెయ్యి లేకుండా చేశారు" అన్నాను. మాటలు మార్చి చెప్పేటావిడ ఒక్క మాట వదలకుండా మొత్తం చెప్పింది. చట్టం మారుతుందనే అంటున్నారు. నేను వచ్చేశాక మారుతుందన్నమాట. మారనీ.

గది సంగతి ఏమైంది? వీధిలో ఉన్నా సరే, నిజం రాయి.

సింహాచలం


వాట్‌గంజ్
20 మే 2009

సింహాచలానికి,

గదిలోనే ఉన్నాం. ఎలా ఉన్నామో విను.

ముందు యూనియన్ ఆఫీసుకి వెళ్లాను. ముప్పై ఏళ్లు నేను చందా కట్టిన చోటు. గోడ నిండా ఎర్రజెండాలు. అక్కడి బాబు నా గోడు విని, టీ తెప్పించి, "ట్రైనీ మజ్దూర్ కిందకి రాదు దాదా, మనం ఏమీ చెయ్యలేం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "సచ్చినోడు బద్లీ అన్నారు, బతికున్నది ట్రైనీ అంటన్నారు. మరి మజ్దూరెవుడు దాదా?" అని అడిగాను. టీ తాగకుండా వచ్చేశాను.

అప్పుడు గోడ మేకు నుంచి కొక్కెం తీశాను. మా గ్యాంగులో బతికున్నవాళ్లు పద్నాలుగు మంది. ఒకడికి చూపు లేదు, ఒకడు కర్రతో నడుస్తాడు. ఇంటింటికీ వెళ్లి, కొండయ్య ఎలా పోయాడో వాళ్లకు తెలిసిందే వాళ్లకు మళ్లీ చెప్పాను. నేను పెట్టిన సంతకం గురించీ చెప్పాను. అందరం ఖిదిర్‌పూర్ బజారులో మృత్యుంజయ ఆఫీసుకెక్కే మెట్ల మీద, మెట్టుకొకడు చొప్పున, కొక్కెం కాళ్ల ముందు దించుకుని కూర్చున్నాం. నీతో వెళ్లిన కలకత్తా పిల్లలిద్దరి అమ్మానాన్నలూ వచ్చారు. మీ అమ్మ అన్నిటికన్నా పైమెట్టు మీద, తలుపుకు ఆనుకుని కూర్చుంది. జపాను వెళ్దామని వచ్చిన పిల్లలు, ఎందుకు కూర్చున్నారని అడిగి తెలుసుకుని, కిందనుంచే వెళ్లిపోయారు.

మూడో రోజు మృత్యుంజయ కిందికి దిగొచ్చాడు. "మా తాత మిమ్మల్ని ఇక్కడికి తెచ్చాడు పెద్దయ్యా, అది మర్చిపోతే ఎలాగ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పైమెట్టు మీదనుంచి మీ అమ్మ అంది: "ఇద్దర్ని తెచ్చినాడు. ఒకడేడీ?"

వాడు పైకి వెళ్లి మూడు జామీను కాగితాలూ తెచ్చి ఇచ్చాడు. అక్కడే చింపేశాం. వాడి ఆఫీసు మూతపడలేదు, రేపు ఇంకో వీధిలో తెరుస్తాడు. మేమూ ఇంకో వీధిలో కూర్చుంటాం, ముసలాళ్లకు వేరే పనేముంది?

ఇంకొక పని మిగిలింది. నరసింహం కార్డు పట్టుకుని, మీ అమ్మను తీసుకుని పోర్టు ఆఫీసుకి వెళ్లాను. గుమస్తా కార్డు అటూ ఇటూ తిప్పి, ఇరవై రెండేళ్ల నాటిది, నష్టపరిహారం గడువు ఎప్పుడో దాటింది, ఏం కావాలి అన్నాడు.

"డబ్బేటీ వద్దు బాబూ. మీ కాగితం మీద నా సంతకం ఒకటుంది. అది ఎనక్కి కావాల" అన్నాను.

దానికి ఫారం లేదన్నాడు. తెల్లకాగితం మీద రాస్తానన్నాను. తప్పుడు సాక్ష్యం ఇచ్చానని నీ అంతట నువ్వే రాసిస్తే పెన్షను మీదికి రావచ్చు, ఆలోచించుకో అన్నాడు. ఆ పెన్షను దేనికొచ్చిందో వాడికి తెలీదు కదా. రానిమ్మన్నాను. మీ అమ్మ అతని బల్ల మీదున్న కలం తీసి నా చేతిలో పెట్టింది.

అక్కడే నిలబడి రాశాను. గుమస్తాకు తెలుగు రాదు, అయినా ముద్ర వేసి తీసుకున్నాడు. నకలు మీద కూడా ముద్ర వేయించి ఇంటికి తెచ్చాను. నా మీద కోపం ఉంచుకో, తగ్గించుకోకు. కానీ రాగానే ఆ నకలు చూడు. అందులో పెద్దగా ఏమీ లేదు.

'మా తమ్ముడు కొండయ్య ఆ రోజు పనిలో ఉన్నాడు. లేడని నేను పెట్టిన సంతకం అబద్ధం.'

కింద నా సంతకం, దాని పక్కన మీ అమ్మ వేలిముద్ర. మూడోదానికి చోటు వదిలాం.

గురువులు